ఆంటిగ్వా వెళ్తే ఏ అగ్నిపర్వతం ఎక్కాలి?

గ్వాటెమాలాలోని ఆంటిగ్వా పేరు చెప్పగానే మనవాళ్లు ముందుగా అడిగేది ‘పక్కనున్న అకతెనాంగో అగ్నిపర్వతం ఎక్కగలమా?’ అనే. వెంటనే ఒంట్లో సత్తువ ఎంత, ఎన్ని నెలలు సాధన చేయాలి అన్న చర్చ మొదలవుతుంది. నన్ను అడిగితే, దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. మీ చేతిలో ఎన్ని రాత్రులు ఉన్నాయి? అగ్నిపర్వతం మన టికెట్టు తేదీలు చూసి నిప్పులు కక్కదు, మబ్బు మన సెలవు చూసి తొలగిపోదు. ఒక రోజు అటూ ఇటూ జరుపుకోగలిగినవాళ్లకు దక్కేది, జరుపుకోలేనివాళ్లకు దక్కదు.

నా సలహా ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆంటిగ్వా ఊళ్లోనే కనీసం నాలుగు రాత్రులు ఉండగలిగితే, మోకాళ్లు బాగుంటే, అవి కాక అకతెనాంగో మీద ఇంకో రాత్రి గడపండి. మూడు రాత్రులే ఉంటే, లేదా పిల్లలతోనో అమ్మానాన్నలతోనో వెళ్తే, తేలిగ్గా ఎక్కగలిగే పకాయా అగ్నిపర్వతం. కొండ ఎక్కలేనివాళ్లు కూడా అకతెనాంగో పక్కనే మండుతున్న ఫ్వేగో అగ్నిపర్వతాన్ని ఊళ్లోని మేడ మీద నుంచి చూడవచ్చు, అది చిన్న చూపేమీ కాదు. అకతెనాంగో నుంచి ఫ్వేగో గట్టు మీదికి తీసుకెళ్లే అదనపు నడకకు మాత్రం వద్దనే చెబుతాను.

ఒక జాగ్రత్త. కరీబియన్ సముద్రంలో ఆంటిగ్వా అనే ద్వీపం వేరే ఉంది. మీ విమానం టికెట్టు గ్వాటెమాలా సిటీలోని లా ఔరోరా విమానాశ్రయానికి ఉండాలి. అక్కడి నుంచి ఆంటిగ్వా సుమారు 40 కిలోమీటర్లు.

మూడు కొండల మధ్య ఊరు

ఆంటిగ్వా సముద్రమట్టానికి 1,530 మీటర్ల ఎత్తున ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండలు, అరకు ప్రాంతంలోనివి, 1,700 మీటర్లకు మించవు. అంటే ఊరి వీధులే దాదాపు మన శిఖరాల ఎత్తున ఉన్నాయన్నమాట. ఊరికి దక్షిణంగా అగువా, 3,760 మీటర్లు. పడమర, నైరుతి వైపు జంటగా అకతెనాంగో, ఫ్వేగో. అకతెనాంగో 3,976 మీటర్లు, ఫ్వేగో 3,763 మీటర్లు. వీటిలో ఇప్పుడు మండుతున్నది ఫ్వేగో ఒక్కటే. అకతెనాంగో చివరిసారి 1972లో పేలింది, ఆ తర్వాత నిద్రలో ఉంది. అందుకే దాని మీద నిలబడి పక్కనున్న ఫ్వేగోను చూస్తారు. పకాయా ఈ గుంపులోది కాదు. అది ఆంటిగ్వాకు ఆగ్నేయంగా, వ్యానులో గంటన్నర, రెండు గంటల దూరంలో ఉంటుంది. ఎత్తు 2,552 మీటర్లు.

ఈ ఊరి చరిత్ర తెలుసుకోకుండా కొండ ఎక్కితే సగమే చూసినట్టని నా నమ్మకం. స్పెయిన్ వలసపాలకుల మొదటి రాజధానుల్లో ఒకటి ఇప్పటి సియుదాద్ వియెహా దగ్గర ఉండేది. 1541లో అగువా కొండ మీద నుంచి బురద ప్రవాహం దూసుకొచ్చి దాన్ని ముంచేసింది. 1543లో కొన్ని కిలోమీటర్ల దూరంలో మళ్లీ కట్టుకున్న రాజధానే ఆంటిగ్వా. రెండు శతాబ్దాలకు పైగా మధ్య అమెరికాను ఇక్కడి నుంచే పాలించారు. 1773 జులై 29న వచ్చిన భూకంపం గుళ్లనూ మఠాలనూ కూల్చేసింది. 1776లో రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి మార్చారు. ఊరు వదిలి పొమ్మన్న ఆజ్ఞను అందరూ పాటించలేదు, కానీ కూలిన పెద్ద కట్టడాలను తిరిగి లేపేంత డబ్బు మిగిలినవాళ్ల దగ్గర లేదు. శిథిలాలు శిథిలాలుగానే నిలిచిపోవడానికి అదే కారణం. 1979లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కాబట్టి ఆంటిగ్వాను కొండ ఎక్కడానికి ముందు సామాను పడేసుకునే చోటుగా చూడకండి. లా మెర్సెద్ గుడి ఎదుట నిలబడితే, దాని గంట గోపురాలు ఎంత పొట్టిగా, గోడలు ఎంత మందంగా ఉన్నాయో తెలుస్తుంది. భూకంపాలకు తట్టుకోవాలనే అలా కట్టారు. 1767లో తెరిచిన ఆ గుడి ఆరేళ్ల తర్వాత వచ్చిన భూకంపాన్ని తట్టుకుంది. లా రెకొలెక్సియోన్ మఠం కథ దీనికి పూర్తిగా వేరు. 1717లో తెరిచిన కొన్ని నెలలకే అది భూకంపంలో దెబ్బతింది, 1773లో పైకప్పే కూలిపోయింది. ఇంటి గదంత పెద్ద గోడముక్కలు ఇప్పటికీ పడినచోటే ఉన్నాయి. ఒక్కటే చూడ్డానికి సమయం ఉంటే చాలామంది శాంటా కాతలినా తోరణం దగ్గర ఫొటో దిగి సరిపెట్టుకుంటారు. నేనైతే రెకొలెక్సియోన్‌కే పంపుతాను. రెండింటికి సమయం ఉంటే కపుచినాస్ మఠం కూడా చూడండి. అక్కడ సన్యాసినుల కోసం గుండ్రంగా పేర్చిన 18 చిన్న గదులున్నాయి.

అకతెనాంగో: కష్టం, ప్రతిఫలం రెండూ ఎక్కువే

నడక మొదలయ్యేది లా సొలెదాద్ అనే పల్లె నుంచి, సుమారు 2,400 మీటర్ల ఎత్తున. రాత్రి బస చేసే శిబిరాలు సుమారు 3,600 మీటర్ల దగ్గర ఉంటాయి. అంటే ఒకే పూటలో పన్నెండు వందల మీటర్లు పైకి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మొదటి గంటే అన్నిటికన్నా కఠినం, ఈ మాట ముందే తెలిస్తే మేలు. మొక్కజొన్న చేల మధ్య వదులైన బూడిద ఇసుకలో నిటారుగా ఎక్కాలి, ఎండ నెత్తిన ఉంటుంది, శరీరం ఇంకా వేడెక్కి ఉండదు. అక్కడే ‘ఇక నా వల్ల కాదు’ అనిపిస్తుంది. ఆ గంట దాటితే పాచి పట్టిన చెట్ల తేమ అడవి వస్తుంది, నడక చల్లబడుతుంది. ఆపైన పైన్ చెట్లు, చివరికి చెట్లే లేని నల్లటి వాలు.

ఇంత కష్టం ఎందుకంటే, శిబిరానికి ఎదురుగా ఫ్వేగో ఉంటుంది. రెండు శిఖరాల మధ్య దూరం సుమారు మూడు కిలోమీటర్లే. ఫ్వేగో చురుకుగా ఉన్న రోజుల్లో గంటకు ఎన్నోసార్లు పేలుతుంది. ముందు నిశ్శబ్దంగా బూడిద స్తంభం లేస్తుంది, ఏడెనిమిది సెకన్ల తర్వాత గాని శబ్దం మనల్ని చేరదు. అప్పుడు నేల సన్నగా అదురుతుంది. పగలు కనిపించేది బూడిద మాత్రమే. చీకటి పడ్డాక నిప్పు రాళ్లు గాల్లోకి లేచి, వాలు మీద పడి, ఎర్రగా దొర్లుకుంటూ కిందికి జారడం కనిపిస్తుంది. ఒక రాత్రి అక్కడ ఉండాలని నేను పట్టుబట్టేది దీనికోసమే. పగటిపూటే అకతెనాంగో ఎక్కి దిగే యాత్రలూ ఉన్నాయి. వాటిలో కష్టం దాదాపు అంతే, చూసేది సగం కూడా కాదు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి శిఖరానికి వెళ్లడం ఐచ్ఛికం. ఇంకో నాలుగు వందల మీటర్లు, గంట, గంటన్నర. బూడిదలో కాలు దిగబడుతుంది, గాలి పలుచగా ఉంటుంది. సూర్యోదయానికి అగువా, దూరంగా పకాయా, మరోవైపు అతిత్లాన్ సరస్సు చుట్టూ ఉన్న కొండలు, ఆకాశం శుభ్రంగా ఉంటే పసిఫిక్ తీరం వరకూ కనిపిస్తాయి. రాత్రి నిద్ర పట్టకపోయినా, తలనొప్పిగా ఉన్నా దీన్ని మానేయడంలో నామోషీ లేదు. శిబిరం నుంచే ఫ్వేగో బాగా కనిపిస్తుంది.

చలిని తేలిగ్గా తీసుకోవద్దు. ఇది ఉష్ణమండలమే కదా అని పల్చటి స్వెట్టరుతో బయలుదేరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 2017 జనవరిలో ఈ కొండ మీద ఆరుగురు చలికి చనిపోయారు, వాళ్లంతా గ్వాటెమాలావాళ్లే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోవచ్చు, గాలి తోడైతే ఇంకా ఘోరంగా ఉంటుంది. నూలు బట్టలు చెమటకు తడిసి ఆరవు, ఒంట్లోని వేడిని లాగేస్తాయి. ఉన్ని లేదా సింథటిక్ లోపలి బట్టలు, మందపు జాకెట్టు, గాలిని ఆపే పైకోటు, చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ, శిబిరంలో మార్చుకోవడానికి ఒక పొడి జత, నుదుటికి కట్టుకునే లైటు తప్పనిసరి. జాకెట్లు, తొడుగులు చాలా సంస్థలు అద్దెకో ఉచితంగానో ఇస్తాయి. చేతికర్రలు లా సొలెదాద్‌లోనే అద్దెకు దొరుకుతాయి. దిగేటప్పుడు మోకాళ్లను కాపాడేది ఆ కర్రే. నీళ్లు నాలుగు లీటర్లు మోయాలి, దారిలో ఊటలు లేవు.

ఎత్తు సంగతి ఇంకొకటి. ఉదాహరణకు అమెరికాలోని హ్యూస్టన్ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. అలాంటి ఊరి నుంచి వచ్చి సాయంత్రం విమానం దిగి, మర్నాడే 3,600 మీటర్ల దగ్గర పడుకుంటే తలనొప్పి, వాంతులు రావడం సహజం. ఆంటిగ్వాలో రెండు రాత్రులు పడుకుని వెళ్తే ఆ బాధ పూర్తిగా తప్పదు గాని తగ్గుతుంది. రక్తపోటు, ఉబ్బసం, గుండె సమస్యలున్నవాళ్లు బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. పైన తలనొప్పి పెరుగుతూ పోయి, నడకలో తూలు వస్తే, దానికి విరుగుడు కిందికి దిగడం ఒక్కటే.

ఎక్కడం కష్టమనుకునేవాళ్లకు ఒక మధ్యేమార్గం ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలు కొండ మీద చాలా దూరం తీసుకెళ్తాయి, మిగిలిన కొంత నడవాలి. ఖర్చు ఎక్కువే. మొక్కజొన్న చేల దగ్గరి కఠినమైన ఎక్కుడు తప్పుతుంది. నలభై దాటినవాళ్లకు, మోకాళ్ల మీద నమ్మకం లేనివాళ్లకు ఇది మంచి ఎంపికే. అయితే త్వరగా ఎత్తుకు చేరతారు కాబట్టి పైన చెప్పిన తలనొప్పి ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. సామాను మాత్రమే బరువనిపిస్తే లా సొలెదాద్‌లో కూలీలను పెట్టుకోవచ్చు. వాళ్లకు న్యాయమైన కూలి ఇవ్వండి, సంచిలో రాళ్లలాంటి అనవసరపు సామాను పెట్టకండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే పోల్చేవాళ్లు చాలామంది. నేను అడగమని చెప్పేవి వేరు. రాత్రి బస గుడారంలోనా, చెక్క గదిలోనా? గదైతే గాలి తగలదు, చలికాలంలో ఆ తేడా చాలా పెద్దది. శిబిరం నుంచి ఫ్వేగో నేరుగా కనిపిస్తుందా, లేక నడిచి వెళ్లి చూడాలా? ఒక గైడుకు ఎంతమంది? ఎవరైనా మధ్యలో ఆగిపోతే వాళ్లతో కిందికి దిగేదెవరు? అధికారులు దారి మూసేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా? శాకాహారం అంటే వాళ్ల లెక్కలో ఏమిటి? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే సంస్థకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. లా సొలెదాద్ పల్లెవాళ్లే నడిపే బృందాలు ఉంటే నేను వాటి వైపే మొగ్గుతాను. కొండ తెలిసింది వాళ్లకే, మన డబ్బు నిలవాల్సింది కూడా అక్కడే. గైడు లేకుండా మాత్రం వెళ్లొద్దు. దారి తప్పడం, చలి, దోపిడీ, మూడూ నిజమైన ప్రమాదాలే.

పకాయా: తక్కువ సమయంలో, ఎక్కువమందికి

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కగలిగినవాళ్లు పకాయా గురించి భయపడనక్కర్లేదు. సాన్ ఫ్రాన్సిస్కో దె సాలెస్ అనే ఊరు నుంచి గంటన్నర, రెండు గంటల ఎక్కుడు. దారి పొడవునా స్థానికులు గుర్రాలు పట్టుకుని వెంట వస్తారు, అలసినవాళ్లు ఎప్పుడైనా ఎక్కవచ్చు. ఇది జాతీయ పార్కు కాబట్టి లోపలికి గైడు తప్పనిసరి, ప్రవేశ రుసుము నగదుగా కట్టాలి. సగం రోజులో వెళ్లి రావచ్చు. అకతెనాంగోతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

అయితే ఏమి కనిపిస్తుందో తెలుసుకుని వెళ్లాలి. పకాయా 1961 నుంచి దశాబ్దాల పాటు తరచూ మండుతూ వచ్చింది. 2010 మే 27న పేలినప్పుడు బూడిద గ్వాటెమాలా సిటీ మీద పడి విమానాశ్రయాన్ని కొన్ని రోజులు మూసేశారు. ఆ రోజు వార్తలు చిత్రీకరిస్తున్న ఒక టీవీ విలేకరి కొండ మీదే చనిపోయారు. 2021 తొలి నెలల్లో లావా వాగులై పారి పొలాలను కప్పేసింది. ఆ తర్వాత కొండ చల్లబడింది. పాత ఫొటోల్లో కనిపించే ఎర్రటి లావా కోసం ఇప్పుడు వెళ్తే నిరాశే ఎదురవుతుంది. కనిపించేది గడ్డకట్టిన నల్లటి లావా మైదానం. కొన్నిచోట్ల రాళ్ల సందుల్లోంచి ఇంకా వేడి ఆవిరి వస్తుంది, ఆ వేడి మీద గైడ్లు మార్ష్‌మలోలు కాల్చి ఇస్తారు. పిల్లలకు అదొక పండగ. వాటిలో జెలటిన్ ఉంటుందని శాకాహారులు గుర్తుపెట్టుకోవాలి.

కాళ్ల కింద లావా నేల మీద నడవడం పకాయాలోనే దొరుకుతుంది, అకతెనాంగోలో దొరకదు. కాబట్టి పకాయాను పేదవాడి అకతెనాంగోగా చూడటం తప్పు. ఒకచోట దూరం నుంచి పేలుడును చూస్తారు, ఇంకోచోట పేలుడు తర్వాత మిగిలినదాన్ని తాకుతారు. పదేళ్ల పాప ఉన్న కుటుంబానికి నేను రెండో ఆలోచన లేకుండా పకాయానే చెబుతాను.

పకాయాకు ఉదయం బయలుదేరాలా, మధ్యాహ్నమా అన్నది కాలాన్ని బట్టి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలుండవు, మధ్యాహ్నం వెళ్తే పైన సూర్యాస్తమయం దొరుకుతుంది. మే నుంచి అక్టోబరు వరకు మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వాన పడుతుంది కాబట్టి తెల్లవారే బయలుదేరే యాత్రే ఎంచుకోండి.

మేడ మీద నుంచి ఫ్వేగో

ఫ్వేగో ఆంటిగ్వాకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊళ్లో పడమర వైపు అడ్డులేని మేడ ఉన్న బసను ఎంచుకుంటే, ఆకాశం తెరిపిగా ఉన్న రాత్రుల్లో శిఖరం మీద ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, పెద్ద పేలుడైతే నిప్పు ధారలూ కనిపిస్తాయి. గర్భిణులకు, పెద్దవాళ్లకు, ఎత్తు పడనివాళ్లకు ఇది చాలు. బస తీసుకునే ముందు ‘మీ మేడ నుంచి ఫ్వేగో కనిపిస్తుందా, అగువానా?’ అని స్పష్టంగా అడగండి. అగువా దగ్గరగా, పెద్దగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు దాన్నే చూసి మండే కొండ అనుకుంటారు. ఊరికి ఉత్తరాన ఉన్న సెర్రో దె లా క్రూజ్ గుట్ట నుంచి వీధులన్నీ, ఎదురుగా అగువా, కుడివైపు జంట కొండలు ఒకే చూపులో వస్తాయి. పొద్దున్నే వెళ్లండి, చీకటి పడ్డాక వెళ్లొద్దు.

గట్టు నడక ఎందుకు వద్దంటున్నాను

అకతెనాంగో శిబిరానికి చేరిన సాయంత్రమే, అదనంగా డబ్బు కట్టినవాళ్లను గైడ్లు ఫ్వేగో వైపు గట్టు మీదికి తీసుకెళ్తారు. కిందికి దిగి, మళ్లీ ఎక్కి, చీకట్లో తిరిగి రావాలి. నాలుగైదు గంటల పని. అక్కడి ఫొటోలు అద్భుతంగా ఉంటాయి, ఆ మాట కాదనను. కానీ ఫ్వేగో ఎంత దూరం రాళ్లు విసురుతుందో ముందే చెప్పగలిగేవాళ్లు లేరు. 2018 జూన్ 3న ఆ కొండ నుంచి దిగిన వేడి బూడిద, వాయువుల ప్రవాహం ఆగ్నేయ వాలులోని సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే ఊరినే పూడ్చేసింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 200 మంది చనిపోయారు, మరో 200 మందికి పైగా ఆచూకీ దొరకలేదు. అది ఆదివారం, జనం ఇళ్లలో ఉన్నారు. అంత శక్తి ఉన్న కొండకు, అలసిన కాళ్లతో, చీకట్లో, మరింత దగ్గరగా పోవడానికి ఫొటో సరిపడే కారణం కాదని నా అభిప్రాయం. అధికారులు ఈ గట్టును మూసిన సందర్భాలూ ఉన్నాయి. మూసినప్పుడు కూడా తీసుకెళ్తామనే గైడు దొరికితే, ఆ గైడుతో అకతెనాంగోకు కూడా వెళ్లొద్దు.

గ్వాటెమాలాలో అగ్నిపర్వతాల మీద నిఘా ఉంచే సంస్థ ఇన్సివూమె, విపత్తుల హెచ్చరికలు ఇచ్చేది కోన్రెద్. బయలుదేరే ముందు రోజు ఈ రెండింటి ప్రకటనలు చూడండి, స్పానిష్‌లో ఉన్నా ఫోనులో అనువాదం సరిపోతుంది. ఫ్వేగో కొన్నిసార్లు రోజుల తరబడి, వారాల తరబడి మౌనంగా ఉండిపోతుంది. 2025లో కూడా పెద్ద పేలుళ్ల తర్వాత అలా ఆగింది. మౌనంగా ఉందని తెలిస్తే, నాలుగు రాత్రులున్నా సరే, పకాయా వైపు మారిపోవడం తెలివైన పని.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆకాశం అన్నిటికన్నా నిర్మలంగా ఉంటుంది, చలీ అప్పుడే ఎక్కువ. ఒక్క వారమే ఎంచుకోమంటే నవంబరు మొదటి వారం అంటాను. వానలు తగ్గుతాయి, కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, నవంబరు 1న దగ్గరి ఊళ్లు సుంపాంగో, సాంతియాగో సకతెపెకెస్‌లలో చనిపోయినవారి జ్ఞాపకార్థం మేడంత గాలిపటాలు నిలబెడతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొలాలు కాల్చే పొగతో దూరపు చూపు మసకబారుతుంది. ఈస్టర్ ముందరి పవిత్ర వారంలో ఆంటిగ్వా వీధుల నిండా రంగు రంపపుపొట్టుతో తివాచీలు వేస్తారు, ఊరేగింపులు వాటి మీదుగా సాగుతాయి. ఊరి కోసం వెళ్లేవాళ్లకు అంతకన్నా మంచి వారం లేదు. కొండ కోసం వెళ్లేవాళ్లు మాత్రం ఆ వారాన్ని వదిలేయడం మేలు, గదులు నెలల ముందే నిండిపోతాయి, ధరలు పెరిగిపోతాయి.

బస, తిండి, ప్రయాణం

బ్యాక్‌ప్యాకర్లకు ఇక్కడ రెండు దారులు. ఊరి నడిమధ్య హాస్టల్లో డార్మిటరీ మంచం, లేదా స్పానిష్ పాఠశాల ద్వారా ఒక కుటుంబంతో బస. మూడు నాలుగు రోజులకైతే హాస్టలే. కొండకెళ్లే రాత్రి పెద్ద సంచి అక్కడే దాచి పోవచ్చు, తోడు వచ్చేవాళ్లూ దొరుకుతారు. వారం ఉండగలిగితే కుటుంబంతో బస నాకు ఎక్కువ ఇష్టం. ఆంటిగ్వా స్పానిష్ పాఠశాలలకు పేరుపడ్డ ఊరు, ఒక విద్యార్థికి ఒక గురువు చొప్పున చెబుతారు. ఇంట్లో భోజనం కూడా పెడతారు, శాకాహారులకు హోటల్ కన్నా ఇంట్లో వివరించి చెప్పడం తేలిక.

శాకాహారులు ఆకలితో మాడరు. నల్ల చిక్కుడు గింజల ముద్ద, మొక్కజొన్న తోర్తియాలు, వేయించిన అరటి, అన్నం, అవకాడో ప్రతిచోటా ఉంటాయి. ‘మాంసం లేకుండా’ అంటే చాలామందికి కోడి, చేప లెక్కలోకి రావు. కోడి, చేప, పంది కొవ్వు వద్దని విడివిడిగా చెప్పాలి, చిక్కుడు గింజలను కొన్నిచోట్ల ఆ కొవ్వుతో వేయిస్తారు. మొక్కజొన్న ముద్దతో రెండు రోజుల్లోనే నోరు చప్పబడేవాళ్లు చిన్న సీసాలో కారప్పొడి తీసుకెళ్తే కొండ మీది భోజనం కూడా రుచిస్తుంది. కుళాయి నీళ్లు తాగొద్దు.

విమానాశ్రయం నుంచి ఆంటిగ్వాకు ఒక్కరే అయితే షటిల్ వ్యాను, ఇద్దరు ముగ్గురైతే టాక్సీ. దూరం తక్కువే అయినా ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టవచ్చు. అమెరికా స్కూలు బస్సులను రంగులేసి తిప్పే స్థానిక బస్సులు చవక, చూడముచ్చటగానూ ఉంటాయి. పగలు, చిన్న సంచితో, దగ్గరి ఊళ్లకు వాటిలో వెళ్లండి. మొత్తం సామానుతో రాజధాని నుంచి వాటిలో రావద్దు. ఊళ్లో తిరిగే ఎర్రటి ఆటోలను చూస్తే మనవాళ్ల ముఖం వెలిగిపోతుంది, అవి మన బజాజ్ ఆటోలే. ఎక్కే ముందు ఛార్జీ మాట్లాడుకోవాలి. గుండ్రాళ్లు పరిచిన వీధుల్లో చక్రాల సూట్‌కేసు లాగడం నరకం, వీపు సంచే మేలు. డబ్బు క్వెట్జాల్, డాలరుకు ఏడున్నరకు కాస్త పైన వస్తాయి.

అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా, ఎఫ్1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినా కెనడా, మెక్సికోలకు కొన్ని రోజులు వెళ్లి తిరిగి రాగలిగే వెసులుబాటు ఒకటుంది. గ్వాటెమాలాకు అది వర్తించదు. ముద్ర గడువు తీరి ఉంటే ఈ యాత్ర పెట్టుకోకండి, తిరిగి రావడానికి కొత్త వీసా కావాల్సి వస్తుంది. గ్వాటెమాలా వీసా నియమాలు కూడా టికెట్టు కొనక ముందే వాళ్ల కాన్సులేట్‌ను అడిగి తెలుసుకోండి. భారతదేశం నుంచి వెళ్లేవాళ్లకు న్యూఢిల్లీలో గ్వాటెమాలా రాయబార కార్యాలయం ఉంది.

రోజులను ఇలా పరచమంటాను

ఊళ్లో నాలుగు రాత్రులు, కొండ మీద ఒకటి ఉంటే మొదటి రోజు చేరి విశ్రాంతి. రెండో రోజు ఊరు: పొద్దున్నే సెర్రో దె లా క్రూజ్, తర్వాత రెకొలెక్సియోన్, లా మెర్సెద్, సాయంత్రం అకతెనాంగో సంస్థ దగ్గర జాకెట్టు కొలతలు చూసుకోవడం. మూడో రోజు ఆకాశం బాగుంటే కొండ ఎక్కడం, లేకపోతే నాలుగో రోజుకు జరపడం. మొదట చెప్పిన ఖాళీ రోజు ఉపయోగపడేది ఇక్కడే. సంస్థతో మాట్లాడేటప్పుడే ఈ వెసులుబాటు అడిగి పెట్టుకోండి. మూడు రాత్రులైతే రెండో రోజు ఊరు, మూడో రోజు పకాయా, అంతే. రెండింటినీ ఇరికించాలని చూడకండి. వారం ఉంటే అకతెనాంగో దిగాక అతిత్లాన్ సరస్సుకు వెళ్లి కాళ్లకు విశ్రాంతినివ్వండి, సరస్సు ఒడ్డునున్న పానహాచెల్ ఊరికి షటిల్లో సుమారు మూడు గంటలు.

కొండ దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి గాని ఆంటిగ్వా చేరరు, దారిలో ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఫ్వేగో బూడిద విమానాశ్రయం వైపు మళ్లితే విమానాలు ఆగిపోతాయి. ఆ రాత్రి ఊళ్లోనే పడుకుని, మర్నాటి మధ్యాహ్నపు విమానం తీసుకోండి.